వెనక అద్దం

గుడ్డ బకెట్లో మునిగి చాలాసేపయింది. అత్తగారు దాన్ని బయటికి లాగి, పంపు పక్కనున్న బండ మీద పరిచి, సబ్బు రుద్దటం మొదలుపెట్టింది. దాన్ని రుద్దటం అనటానికి లేదు, దెబ్బలాట అనాలి.

ఆ చప్పుడు విని కోడలు చేతిలో గరిటెతోనే పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో అత్తయ్యా! ఆగండి, ఆగండి! రేపు పొద్దున జనం చూడాల్సిన గుడ్డ అది!"

"తెలుసు. మాసిన గుడ్డ వేలాడదీస్తే నలుగురూ నవ్వుతారని ఉతుకుతున్నాను."

"మాసలేదు. నిన్ననే ఇస్త్రీ చేసి మడిచిపెట్టాను."

"నడిమధ్యన ఇంత మరక పెట్టుకుని మాసలేదంటావేమిటి?"

ఆ మరక ఒక ఆడమనిషి మెడ.

క్రాపు చేసేటప్పుడు మనిషి చుట్టూ కట్టే తెల్లటి సెలూను గుడ్డ అది. దాని నిండా నల్లరంగులో, చుక్కలు చుక్కలుగా, వెనక నుంచి చూసిన ఒక పడుచు మనిషి. తడి జుట్టంతా ఒక పక్కగా ముందుకు వేసుకుంది. భుజాల మీద తువ్వాలు. తువ్వాలు కింద సెలూను కుర్చీ వీపు, దాని మూలన ఇత్తడి గుండు. మెడ మీద జుట్టు మొదలయ్యే చోట సన్నని వెంట్రుకలు సుడి తిరిగి ఉన్నాయి.

ముఖం లేదు. ఇంట్లో గొడవంతా ఆ లేని ముఖం గురించే.

"ఎంత రుద్దినా పోదు అత్తయ్యా. వేడి పెట్టి కాల్చిన రంగది. గుడ్డ చిరిగినా రంగు పోదు."

అత్తగారు సబ్బు కింద పెట్టింది. నుదుటి మీది నురగ మోచేత్తో తుడుచుకుంది.

"విన్నావా?" అంది, కోడలితో కాదు. గుమ్మం లోపల గోడకు వేలాడుతున్న భర్త పటంతో. "నువ్వు పోయావు కానీ ఆవిడ మాత్రం పోదట!"

పటంలో ఆయన ఎప్పటిలాగే మీసం చాటున నవ్వుతున్నాడు.

కొడుకు మొహం కడుక్కుంటూ అటు వచ్చాడు. తండ్రి సెలూను ఇప్పుడు అతనిదే. తల్లినీ, బకెట్‌నూ, పెళ్లాం చేతిలో గరిటెనూ ఒకసారి చూశాడు.

"అమ్మా, ఉతికినందుకు మంచిదే అయింది. గుడ్డ ఇంకా తెల్లబడి మెడ ఇంకా బాగా కనిపిస్తోంది."

"నవ్వరా, నవ్వు. తండ్రికి తగ్గ కొడుకువి."

* * *

తండ్రిని వీధిలో అందరూ మెడల మేస్త్రి అనేవాళ్లు. క్రాపు అయ్యాక ఆయన చేతి అద్దం తెచ్చి వెనక పట్టుకుంటే, వచ్చినవాళ్లు సరిగ్గా చూడకుండానే "బాగుంది, బాగుంది" అని లేచిపోయేవాళ్లు. నా పనితనమంతా వెనకే ఉంటుంది, దాన్ని చూసేవాడే లేడు అని ఆయనకు దిగులు. అందుకని ఒక పాత కెమెరా సంపాదించి, మనసుకు నచ్చినట్టు కుదిరిన ప్రతి క్రాపునూ వెనక నుంచి ఫోటో తీసుకున్నాడు. ఎవరికీ చూపించలేదు.

బ్లేడ్ల అట్టపెట్టెల్లో ఆ ఫోటోలు సెలూను అటక మీద దొరికిన రోజున ఇంట్లో నవ్వు ఆగలేదు. ఒక్క ముఖం లేదు. అన్నీ మెడలే. లావు మెడలు, సన్న మెడలు, చేటల్లాంటి చెవులు.

నవ్వనిది కోడలొక్కతే. ఆమె సంచుల మీద దుకాణాల పేర్లు అచ్చు వేసే చోట పని చేస్తుంది. ఒక్కో ఫోటోనూ పెద్దది చేసి, పాత సెలూను గుడ్డల మీద అచ్చు వేసింది. ఆ అచ్చు మీద వెంట్రుకలను దారంతో కుట్టటానికి కూర్చున్నది అత్తగారే. ముసలి పోస్టుమాను మెడ మీది నెరిసిన జుట్టును ఆవిడ తెల్ల దారంతో ఎంత ఒద్దికగా కుట్టిందంటే, చూసినవాళ్లకు ఒకసారి దువ్వెన పెట్టాలనిపించేది. అత్తాకోడళ్లు ఒకే దీపం కింద, ఒకే దారపు ఉండతో, ఒకరి సూదిలో ఒకరు దారం ఎక్కిస్తూ పని చేశారు. ఆ ఇంట్లో అంత కబుర్లు చాన్నాళ్ల తర్వాత వినిపించాయి. గుడ్డలన్నీ సెలూనులో వేలాడదీసి ఊరందరినీ పిలిచి చూపించాలనుకున్నారు.

అంతలో, మగవాళ్ల మెడల మధ్య నుంచి, ఈ ఆడమనిషి బయటపడింది.

* * *

"ఒక మాట చెప్తున్నాను, ఇద్దరూ వినండి." టీ గ్లాసులు ముందుపెట్టుకుని కూర్చున్నారు ముగ్గురూ. అత్తగారి గ్లాసు టక్కున కిందికి దిగింది. "రేపు పొద్దున జనం వచ్చేసరికి ఆ కొట్లో ఆవిడైనా ఉండాలి, ఈ ఇంట్లో నేనైనా ఉండాలి."

"నువ్వెక్కడికి పోతావే?" అన్నాడు కొడుకు.

"మా అన్నయ్య ఇంటికి."

"మామయ్య ఇల్లు మారి మన వీధిలోకే వచ్చాడుగా. నాలుగిళ్ల అవతల."

"అయితే నాలుగిళ్ల అవతలికే పోతాను! పోవటమంటే పోవటమే. దూరంతో పనేముంది?"

కోడలు నవ్వు ఆపుకోవటానికి గ్లాసులోకి చూసింది.

"అత్తయ్యా, ఆవిడ ఎవరో మనకు తెలియదు. ఎవరో పక్కింటి పిల్ల తల ఆరబెట్టుకుంటుంటే మామయ్యగారు..."

"ఆ కుర్చీ ఎక్కడిది? కొట్టుది. ఇత్తడి గుండు చూడలేదా? ఆడపిల్ల తల ఆరబెట్టుకోవటానికి సెలూనుకు పోతుందా? నేనే ఇన్నేళ్ల కాపురంలో ఆ గడప తొక్కలేదు. అన్నం క్యారేజీ కూడా గుమ్మం బయట పెట్టి వచ్చేదాన్ని. ఆ కుర్చీ మీద పుట్టి బుద్ధెరిగి కూర్చోలేదు. మరి ఆవిడెవరు, రాణీగారిలా కూర్చోవటానికి?"

గ్లాసును పక్కకు నెట్టి మళ్లీ ఆవిడే మొదలుపెట్టింది.

"ఆయనకు తలలో రెండు సుడులు. పెళ్లిచూపుల రోజే మా అమ్మ గమనించింది. రెండు సుడులవాడికి రెండు పెళ్లిళ్లని అప్పుడే చెప్పింది. నేనే వినలేదు."

"అమ్మా, సుడుల మీద పెట్టి..."

"నువ్వూరుకో. ఒక్క ఫోటో. నాది ఒక్క ఫోటో తియ్యమని ఎన్నిసార్లు అడిగానో తెలుసా? 'ముఖం అందరూ చూసేదేగా, దాన్ని ఫోటో తీయటమెందుకు' అనేవాడు. ఊళ్లో మెడలన్నీ తీశాడు, పెళ్లాం మొహం తియ్యటానికి చెయ్యి రాలేదు." ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎదురు కొట్టు దర్జీదే అయ్యుంటుంది. రోజూ ఆ కుట్టుమిషను ముందు కూర్చుని ఇటే చూస్తుండేది."

దర్జీ వదిన సెలూనుకు ఎదురుగా బట్టలు కుడుతుంది. పెళ్లయిన కొత్తల్లో నుంచీ ఇద్దరూ వదినా వదినా అనుకున్నవాళ్లే. ఈ ఫోటో బయటపడ్డప్పటి నుంచి అత్తగారు ఆవిడతో మాటలు మానేసింది. కుట్టమని ఇచ్చిన బట్టను కత్తెర పడకముందే వెనక్కి తెప్పించుకుంది. ఎందుకో తెలియక ఆవిడ కొలతల టేపు మెడలో వేసుకుని గుమ్మందాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లింది.

"సరే అత్తయ్యా," అంది కోడలు. "ఆ గుడ్డ పెట్టను."

అత్తగారు ఆ జవాబు వస్తుందనుకోలేదు. పోట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివాళ్లు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తోచదు.

"నా కోసం మానక్కర్లేదు," అంది.

"మీ కోసమే మానేస్తాను. మీరు లేకపోతే ఆ మెడలకు వెంట్రుకలెక్కడివి?"

అత్తగారు లేచి వంటగదిలోకి వెళ్లింది. అక్కడ గిన్నెలు రెండు ఎందుకో గట్టిగా మోగాయి.

కొడుకు పెళ్లాం వైపు వంగి రహస్యంగా అన్నాడు: "చూశావా, కోపమొచ్చినప్పటి నుంచీ రెండు ముద్దలు ఎక్కువే తింటోంది."

"మీకు వేళాకోళంగా ఉంది. నాకు ఆ గుడ్డ లేకపోతే అద్దం ఎదురుగోడ ఖాళీ అయిపోతుంది. అన్ని మెడలూ మామయ్యగారు క్రాపు కోసం తీశారు. అదొక్కటే అలా కాదు. అది తీస్తున్నప్పుడు ఆయన పని చూడలేదు, మనిషిని చూశారు. తెలుస్తుంది కదండీ?"

"తెలుస్తుంది," అన్నాడు అతను. ఇంకేదో అనబోయి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

* * *

మధ్యాహ్నం సెలూనులో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగలు కట్టారు. తీగల మీద బట్టల క్లిప్పులతో గుడ్డలు వేలాడదీశారు. గుమ్మంలో నిలబడితే ఊరంతా తనకంటే ముందు వచ్చి వరుసలో నిలుచున్నట్టు ఉంది. ఎవరూ వెనక్కి తిరగరు. ఎప్పుడు తిరుగుతారా అని చూసేవాడికి మనసు పీకుతుంది.

రేపటిదాకా ఆగలేని వాళ్లు అప్పుడే లోపలికి వచ్చేశారు. కిరాణా కొట్టాయన ఒక గుడ్డ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా నాన్న," అన్నాడు.

"కాదు, మా నాన్న," అన్నాడు పక్కనే ముసలి పోస్టుమాను కొడుకు.

"మీ నాన్నది అదిగో, నెరిసిన మెడ. సూదితో కుట్టింది."

"అది ముసలితనంలోది. ఇది వయసులో ఉన్నప్పటిది. ఆ చెవి చూడు. నా చెవి చూడు."

"నీ చెవి మీ అమ్మ పోలిక."

"మా అమ్మ చెవుల సంగతి నీకెందుకోయ్!"

కోడలు స్టూలు మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టింది. "బాబాయ్, ఇద్దరూ ఆగండి. గుడ్డ ఎవరికీ ఇచ్చేది కాదుగా. ఇక్కడే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఇద్దరూ పలకరించుకోండి. ఒక మెడకు ఇద్దరు కొడుకులుంటే వచ్చే నష్టమేమిటి?"

వాళ్లిద్దరూ కాసేపు గుర్రుగా చూసుకున్నారు. తర్వాత కిరాణా ఆయన గొంతు తగ్గించి, "మా నాన్న వెనక నుంచి ఎలా ఉంటాడో నాకు నిజంగా గుర్తు లేదోయ్," అన్నాడు.

"నాకు మాత్రం గుర్తుందా? సైకిలు వెనక కూర్చున్నప్పుడు చూసింది," అన్నాడు రెండోవాడు.

ఇద్దరూ కలిసి టీ తాగటానికి పోయారు.

ఆ పోవటం పోవటం గుమ్మంలో అత్తగారికి ఎదురుపడి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆవిడ గడప బయటే ఆగింది. తల మాత్రం లోపలికి పెట్టింది.

"తీసేశారా లేదా?"

"తీశాం అత్తయ్యా. అదిగో, ఎదురుగోడ ఖాళీ. మీరే చూడండి."

"ఇక్కణ్ణుంచి కనపడదు."

"లోపలికి రండి మరి."

అత్తగారు గడప వైపు చూసింది. కాలు పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చూసేవాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, లోపలికి వచ్చింది. తను కుట్టిన మెడల మధ్య నుంచి ఒక్కొక్క గుడ్డనే తప్పించుకుంటూ నడిచింది. పోస్టుమాను మెడ మీద దారమొకటి లేచి ఉంటే వేలితో నొక్కింది. ఖాళీ గోడ దగ్గరకు వచ్చి ఆగింది.

గోడ నిజంగానే ఖాళీగా ఉంది. చూస్తే సంతోషం కలగాలి. ఎందుకో కలగలేదు.

"నిలబడితే నీ మోకాళ్లు ఊరుకుంటాయా? కూర్చో," అన్నాడు కొడుకు. కుర్చీ మీద దుమ్ము తువ్వాలుతో దులిపాడు.

"ఆ కుర్చీలోనా? చాల్లే. మగవాళ్ల కుర్చీ."

"ఇక్కడ ఉన్నది ఇదొక్కటే కుర్చీ. స్టూలు మీద నీ కోడలుంది. లేకపోతే నేల."

మోకాళ్లు గెలిచాయి. ఆవిడ అంచు మీద, ఎవరో లేవమంటారేమోనన్నట్టు కూర్చుంది. ఎదురుగా పెద్ద అద్దం. అందులో తన మొహం కనపడగానే తల పక్కకు తిప్పి, తోచక అద్దం కింద సొరుగు కొంచెం లాగింది. లోపల పాత అట్టపెట్టె మూల ఒకటి కనిపించింది.

"అది తియ్యకు! బ్లేడ్లుంటాయి!" కొడుకు చటుక్కున సొరుగు మూసి, తల్లి చెయ్యి తీసి ఒడిలో పెట్టాడు. ఆ వెంటనే ఆమె ముడి విప్పేశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"చిక్కులు పడింది. దువ్వుతాను."

"ఇన్నేళ్లూ నా జుట్టు నేనే దువ్వుకున్నాను. ఎవరి చెయ్యీ పడలేదు."

"అందుకే చిక్కులు పడింది."

జుట్టు పలచబడింది, తెల్లబడింది. అతను దాన్ని దువ్వి ఒక పక్కగా ముందుకు వేశాడు. గోడ మేకుకున్న చేతి అద్దం తీసి, తండ్రి పట్టుకున్నట్టే, వెనక పట్టుకున్నాడు.

"చూడు."

"ఏం చూడాలి?"

"ముందున్న అద్దంలో చూడు. బాగుంది బాగుంది అని లేచిపోకు. సరిగ్గా చూడు."

అత్తగారు చూసింది. అద్దంలో అద్దం, దాంట్లో ఒక మెడ.

"ఎవరిదది?"

"ఈ కుర్చీలో ఎవరున్నారు?"

ఆమె తల కొంచెం కదిపింది. ఆ మెడా కదిలింది. ఇంకొంచెం కదిపింది. అదీ కదిలింది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటే, ఆ మెడ మీద వేళ్లు కనిపించాయి.

"నాదా? ఇలా ఉంటుందా నాది?" అంది. "ఇంత సన్నగానా?"

"ఆ వెంట్రుకలు మొదలయ్యే చోట చూడు."

అక్కడ తెల్లటి సన్న వెంట్రుకలు ఎడమ వైపుకు సుడి తిరిగి ఉన్నాయి.

కోడలు అప్పటికే స్టూలు దిగింది. ఒక్క మాట లేకుండా, మడిచి పెట్టిన గుడ్డ విప్పి, అద్దం పక్కన అత్తగారికి ఎదురుగా పట్టుకుంది. నల్లటి సన్న వెంట్రుకలు. ఎడమ వైపు సుడి.

వేలాడుతున్న మెడలన్నీ ఫ్యాను గాలికి కొంచెం కొంచెం ఊగాయి.

"కాదు," అంది అత్తగారు. "నేను కాదు. ఈ కుర్చీలో నేనెప్పుడూ..." ఆగింది. కుర్చీ చేతి అంచున ఆమె వేళ్లకు ఏదో తగిలింది. చెక్కలో చిన్న గాటు. వేలు అందులో సరిగ్గా ఇమిడింది.

"ఈ గాటు నేను పెట్టిందే!"

"ఎప్పుడే?"

"అయ్యో... ఆ ఏడు వానలకు ఈ కొట్టు కప్పు కారింది. కుర్చీ తడుస్తుందని మీ నాన్న తలమీద పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కిటికీ పక్కన వేశాడు. ఇల్లంతా చెమ్మే, పొడిగా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. నేను తలస్నానం చేసి దాంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తరుగుతున్నాను. కత్తి జారి చెక్కకు గాటు పడింది. చూస్తే తిడతాడని చెయ్యి అడ్డం పెట్టాను. అంతలో ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు. 'ఏమిటి?' అన్నాను. 'ఏం లేదు, కదలకు, నీ పని నువ్వు చేసుకో' అన్నాడు. గాటు చూశాడేమోనని భయమేసింది. కదల్లేదు. టిక్కుమని చప్పుడైంది."

ఆమె గాటును మళ్లీ వేలితో తడిమింది.

"చిక్కుడుకాయ విరిగిందనుకున్నాను," అంది.

కోడలు గుడ్డ చాటున మొహం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గుడ్డ మీది మెడకే తెలియాలి.

అత్తగారు ఆ పడుచు మెడను కళ్లారా చూసుకుంది. ఇన్నాళ్లూ తను తిట్టిన మనిషిని, సబ్బు పెట్టి తోమిన మనిషిని, చెయ్యి చాచి వేలితో తాకింది. తర్వాత చటుక్కున కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు... నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మొదటి రోజేనా!"

"నాకూ అదే సుడి కదా. చిన్నప్పుడు నాన్న నాకు క్రాపు చేసినప్పుడల్లా అనేవాడు. 'మీ అమ్మ సుడి నీకొచ్చిందిరా, ఇక్కడ కత్తెర మాట వినదు' అని."

అత్తగారు చేతికందిన దువ్వెనతో కొడుకు భుజం మీద ఒకటి వేసింది. ఇంకొకటి వేసింది.

"మరి చెప్పవేరా! ఇన్నాళ్లు నన్ను కోతిని ఆడించినట్టు ఆడిస్తావా? ఆ దర్జీతో మాటలు మానేశాను. నాలుగిళ్ల అవతలికి పోతానన్నాను!"

"ఎలా చెప్పనే?" కొడుకు నవ్వుతూనే ఉన్నాడు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "నాన్న పోయాక నువ్వు ఆయన పేరెత్తలేదు. పటం వైపు చూడకుండా దాటిపోయేదానివి. ఆ ఫోటో దొరికిన మర్నాడు పొద్దున్నే వంటగదిలోంచి నీ గొంతు వినిపించింది. 'ఏమయ్యా, చెప్పు, ఎవరది?' అని ఆయన్ని నిలదీస్తున్నావు. మంచం మీద పడుకుని విన్నాను. మళ్లీ ఇంట్లో మీరిద్దరూ పోట్లాడుకుంటున్నట్టే ఉంది. దాన్ని ఆపమంటావా?"

ఆవిడ దువ్వెన ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది.

"అమ్మమ్మ చెప్పింది మాత్రం నిజమేనే," అన్నాడు కొడుకు. "రెండు సుడులు, రెండు పెళ్లిళ్లు. రెండూ నీతోనే. ఒకటి ఎదురుగా, ఒకటి వెనక నుంచి."

"ఛీ, వెధవా," అంది తల్లి. అని, నవ్వింది. ఆ నవ్వు విని టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు కొడుకులూ ఇటు తిరిగి చూశారు.

కోడలు దారం పెట్టె తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. "ఈ ఒక్కదానికీ వెంట్రుకలు కుట్టనన్నారు. ఇప్పుడు కుడతారా?"

"కుట్టక?"

"ఏ దారం? తెలుపా, నలుపా?"

అత్తగారు అద్దంలోని తెల్లటి మెడను చూసింది. గుడ్డ మీది మెడనూ చూసింది.

"నలుపే," అంది. "ఆయన చూసింది నలుపే."

* * *

పొద్దున సెలూను తలుపు తియ్యకముందే జనం వచ్చి నిలబడ్డారు. తాతల మెడలు వెతుక్కునేవాళ్లు, తమ మెడ తామే గుర్తుపట్టలేక పెళ్లాల్ని అడిగేవాళ్లు. ఒకావిడ ఒక గుడ్డ ముందు నిలబడి, "ఈయన మావారే, ఇటు తిరగమంటే ఎప్పుడు తిరిగారు కనక," అంటే గదంతా గొల్లుమంది. కోడలి పనిచోటు నుంచి వచ్చినవాళ్లు గుడ్డల అంచులు పట్టుకుని రంగు ఎలా దిగిందో చూస్తున్నారు.

ఎదురుగోడ మీద నల్ల దారం జుట్టుతో పడుచు మెడ ఉంది. దాని కింద స్టూలు మీద అత్తగారు కూర్చుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చిక్కుడుకాయల కథ చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ వాన ఇంకొంచెం ఎక్కువ కురుస్తోంది.

అప్పుడే దర్జీ వదిన గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలతల టేపు, చేతిలో బట్ట. వెనక్కి తెప్పించుకున్న ఆ బట్టను రాత్రే కొడుకు చేత మళ్లీ పంపించింది అత్తగారు. దేనికైనా మంచిదని దాన్ని పట్టుకునే వచ్చినట్టుంది. లోపలికి నాలుగు అడుగులు వేసి, ఎదురుగోడ చూసి, నిలబడిపోయింది.

"అమ్మో," అంది. "ఇది నేనే కదా!"

గదిలో అందరూ ఇటు తిరిగారు. కోడలు గబుక్కున స్టూలు మీదున్న అత్తగారి వైపు చూసింది.

అత్తగారు కళ్లు పెద్దవి చేసింది. ఒక్క క్షణం. తర్వాత భుజాలు కదిలేలా నవ్వటం మొదలుపెట్టింది.

"నీదని ఎలా తెలుసు వదినా?"

"నా మెడ నాకు తెలియదా?"

"ఎప్పుడు చూసుకున్నావు?"

దర్జీ వదిన నోరు తెరిచింది. ఆలోచించింది. "ఊళ్లో అందరి మెడలకీ కొలత తీశాను," అంది నెమ్మదిగా. "నాది మాత్రం... ఎవరు తీశారు కనక?"

"అదీ మాట. రా, ఇలా కూర్చో." అత్తగారే లేచి, ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్లింది. ఈమధ్య పలకరించని చెయ్యి. కాస్త గట్టిగానే పట్టుకుంది. "కూర్చో వదినా, ఇది మగవాళ్ల కుర్చీ అనుకోకు. నేనూ కూర్చున్నాను. ఏరా, అద్దం తే!"

తన చేతులతోనే దర్జీ వదిన ముడి విప్పి, జుట్టు ముందుకు వేసింది. జనం కుర్చీ చుట్టూ మూగారు. కిరాణా ఆయన ముని వేళ్ల మీద లేచాడు.

కొడుకు చేతి అద్దం ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి సగంలోనే ఆగింది. అతను దర్జీ వదిన మెడను చూశాడు. చూసి, అద్దం కింద సొరుగును చూశాడు. పెదవి కొరుక్కుంటూ ఇటు తిరిగాడు.

ఆ మొహం అత్తగారికి బాగా తెలుసు. నిన్నటిదాకా ఏమీ తెలియనట్టు టీ తాగుతూ, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తిరిగిన మొహం.

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది.

"బ్లేడ్లన్నావు కదరా," అంది. "ఆ పెట్టెలో ఇంకెవరి మెడ దాచావో చూద్దాం. తియ్యి ఆ సొరుగు."